గోడ దాకా నడక

2001 డిసెంబరు తొమ్మిది, ఆదివారం. ఆ పొద్దున నేను రెండు అరటిపండ్లు, తేనె రాసిన నాలుగు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాను. కలకత్తాలో మా ఫుట్‌బాల్ క్లబ్బు మెస్సులో ఆట ఉన్న రోజు అంతకంటే ఎక్కువ పెట్టేవారు కాదు. పచ్చసొన తీసి పళ్ళెంలో పక్కన పెట్టాను. ఎదురుగా కూర్చున్న మా గోల్‌కీపరు అడగకుండానే దాన్ని తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళు దాటినా ఆ పళ్ళెం నాకు గుర్తుంది. ఆటగాడిగా నేను తిన్న ఆఖరి తిండి అది.

శుక్రవారం ప్రాక్టీసులో కుడి మోకాలి లోపల చిన్నగా ఏదో తెగినట్టయింది. శనివారానికి వాచింది. ఎవరికీ చెప్పలేదు. బ్యాండేజీ చుట్టి, మీదికి సాక్సు లాగి, కోచ్ ముందు తిన్నగా నడిచాను. ఆదివారం ఆటలో ముప్పై ఒకటో నిమిషంలో, దగ్గర మనిషన్నవాడు లేకుండానే, బంతి కోసం తిరగబోయి పడిపోయాను. తర్వాత ఆపరేషన్ చేసిన డాక్టరు, శుక్రవారమే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని అన్నాడు. కోపంగా అనలేదు. చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

కుంటు దాచడం నాకు నేర్పింది రాజన్న.

గోదావరిఖనిలో మా కాలనీ గ్రౌండులో గడ్డి ఉండేది కాదు. బొగ్గు దుమ్ము కలిసిన నల్లమట్టి. వానాకాలంలో ఆడితే ఎవరు ఏ టీమో తెలిసేది కాదు. 1990లో నాకు పద్నాలుగేళ్ళు, రాజన్నకు ఇరవై నాలుగు. ఆయన మొదటి షిఫ్టు దిగి చెవుల దాకా మాత్రమే ముఖం కడుక్కుని వచ్చేవాడు. మాలాంటి కుర్రాళ్ళనూ కలుపుకుని ఆడే కార్మికుల టీముకు కెప్టెన్. ఎడమ వైపు డిఫెండరు. ఒకరోజు నేను చీలమండ బెణికి కుంటుతూ పోతుంటే చెయ్యి పట్టి ఆపాడు.

"కాలు నొస్తుందని ఎదుటోనికి తెలిసిందనుకో, వాడు ఇగ గా కాలునే జూస్తడు. ఊపిరి బిగవట్టు. పాదం బయటి అంచు మీద బరువెయ్యి. ఎనిమిది అడుగులు లెక్కవెట్టు. నొప్పి నీది, వానికెందుకు జూపెడుతవ్?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బాయిల గూడ గంతే తమ్మీ. కుంటుకుంట పోతే సర్దారు ఇంటికి పొమ్మంటడు. ఆనాటి మస్టర్ పాయె" అన్నాడు.

మా దగ్గర గనిని బాయి అంటాం. సర్దారంటే అందులో పని చేయించే మేస్త్రీ, మస్టరంటే ఆ రోజు హాజరు, దాంతో వచ్చే కూలి. మా నాన్న యిర్మియా ఆ బాయిలోనే ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. నేను కలకత్తాలో ఆరు సీజన్లు ఆడితే, నా పేరు పడ్డ పేపరు ముక్కలన్నీ ఆయన బైబిల్లో కీర్తనల దగ్గర దాచుకున్నాడు. మోకాలు పోయాక ఇంటికి వస్తే ఆ ముక్కల గురించి ఒక్క మాట ఎత్తలేదు. తీసి పారేయనూ లేదు. అప్పట్లో నాకు అదే పెద్ద దయగా తోచింది.

ఆసుపత్రిలో నా మోకాలు వంచడానికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేది. నడివయసు బెంగాలీ ఆవిడ. తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టి నొక్కమనేది. కోణం కొలిచే ప్లాస్టిక్ బద్ద తెచ్చి, "ఈ రోజు ఐదు డిగ్రీలు ఎక్కువ" అని చెప్పేది. నేను గోలు కొట్టినప్పుడు స్టేడియంలో ఎవరూ అంత శ్రద్ధగా చెప్పలేదు. అమ్మ సుగుణమణి పట్టుబట్టి నన్ను ఇంటర్లో బైపీసీ చదివించింది, కనీసం కాంపౌండరైనా అవుతానని. ఆ చదువు అప్పుడు పనికొచ్చింది. ఇరవై ఏడేళ్ళ వయసులో హైదరాబాదులో పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని ఫిజియోథెరపీ చదివాను. తర్వాత పదేళ్ళు జూనియర్ టీములతో, ఆడపిల్లల టీములతో తిరిగాను. మళ్ళీ మైదానంలోకి పరుగెత్తేవాణ్ణి, చేతిలో ఐసు డబ్బాతో. పడిపోయిన ప్రతి పిల్లా "ఏం లేదు సార్, బాగానే ఉంది" అనేది. నేను వాళ్ళ మాట నమ్మేవాణ్ణి కాదు. ఆ మాట నేనూ అన్నవాణ్ణే.

నా భార్య హన్నా నర్సు. ఆమెకు జబ్బు చేశాక ఊరికి వచ్చేశాం. ఆమె పోయి ఇప్పటికి ఆరేళ్ళు. చౌరస్తాకు కాస్త అవతల ఒక గది తీసుకుని క్లినిక్ నడుపుతున్నాను. నడుములు, మెడలు, మోకాళ్ళు. ఆటగాళ్ళు నెలకు నలుగురు వస్తే ఎక్కువ. నొప్పి ఉన్నచోట మిషనుతో కరెంటు పెడతాను కాబట్టి, శాంతిరాజ్ అన్న నా పేరు వదిలేసి అందరూ కరెంటు డాక్టరంటారు. డాక్టరును కానని మొదట్లో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పే ఓపిక లేదు.

నిరుడు జనవరిలో ఒక సాయంత్రం రాజన్న కూతురు సహస్ర తండ్రిని స్కూటీ మీద తీసుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. డిగ్రీ చేసి ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తోంది. లోపలికి వస్తూనే బ్యాగు కుర్చీలో పడేసింది.

"కాకా, ముందు నేను బాపును తిట్టుడు అయిపోనీ. తర్వాత నువ్వు జూద్దువు."

"ఏమైందమ్మా?"

"బోర్డుల ఫిట్ అన్నరు."

ఫిట్ అన్న మాటకు తల దించుకునే ఊరు మాది. బాయి పనికి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే ఆ కార్మికుని పిల్లల్లో ఒకరికి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. అయితే అప్పటికి అతనికి ఇంకా రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉండాలి. రాజన్నకు ఆ గడువు మార్చి నెలాఖరుకు దాటిపోతుంది. ముప్పై ఆరేళ్ళు గని కప్పుకు దన్నుపెట్టే దుంగలూ ఇనుప దూలాలూ మోసిన మనిషి. నడుము పోయింది. ఎడమ మోకాలు అరిగింది. కాగితాలన్నీ ఉన్నాయి. అయినా ఫిట్.

"డాక్టరు గా గోడ దాక నడిచి రమ్మన్నడట. ఈయన పెనాల్టీ కొట్టెతందుకు పోయినట్టు పోయి వచ్చిండు" అంది సహస్ర.

"గట్లేం పోలె. మామూలుగ నడిచిన" అన్నాడు రాజన్న.

"మామూలుగ నడుసుడే తప్పు బాపు."

"నలుగురు పెద్ద డాక్టర్లు గూసున్నరు బిడ్డా. వాళ్ళ ముంగట కుంటుకుంట ఎట్ల నడువాలె?"

సహస్ర నావైపు తిరిగింది. "విన్నవా కాకా? దవాఖానకు పోయి ఇజ్జత్ జూసుకున్నడు. మల్లొక్కసారి జూడమని దరఖాస్తు వెట్టినం. ఫిబ్రవరి పదకొండుకు రమ్మన్నరు. గదే ఆఖరు. ఆనాడు గూడ ఫిట్ అన్నరంటే నా నౌకరి ముచ్చట ఒడిసినట్టే."

ఆమె ఆ మాట మామూలుగానే అన్నది. అని బ్యాగు జిప్పు మూసింది, మళ్ళీ తెరిచింది, మళ్ళీ మూసింది. ఫోను మోగితే బయటికి వెళ్ళింది.

రాజన్న మంచం అంచున కూర్చుని తన చేతులు చూసుకుంటూ, "శాంతీ, నాకు కుంటుడు నేర్పు" అన్నాడు.

"అబద్ధం నేర్పనన్నా."

"నీకు నేను నేర్పలేదా?"

"నేర్పినవ్. దాంతోనే నా కాలు పోయింది."

ఇరవై మూడేళ్ళు ఆయనతో అనని మాట అది. అనాలని అనలేదు. రోజంతా పదకొండు మందికి నడుములు పట్టి అలసిపోయి ఉన్నాను, నోరు జారింది. రాజన్న నా కుడి కాలి వైపు చూశాడు.

"శుక్రవారం నాడే నొచ్చిందా?" అన్నాడు. ఆ సంగతి ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు.

"ఆఁ."

"ఊపిరి బిగవట్టినవా?"

"బిగవట్టిన. ఎనిమిది అడుగులు లెక్కవెట్టిన."

ఆయన తల ఊపాడు. క్షమించమని అడగలేదు. వంగి నా కుడి మోకాలి మీద అరచెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. పేషెంటు మంచం మీద కూర్చుని డాక్టరు కాలు పట్టుకున్నవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను.

తర్వాత ఆయన్ని పడుకోబెట్టి పరీక్ష చేశాను. ఎక్స్‌రేలో మోకాలి ఎముకల మధ్య సందే లేదు. టేపుతో కొలిస్తే ఎడమ తొడ కుడిదానికంటే నాలుగు సెంటీమీటర్లు సన్నం. ఈ కాలుతో మనిషి తిన్నగా నడవలేడు. గది ఆ చివరి దాకా నడవమన్నాను. తిన్నగా నడిచాడు. మళ్ళీ నడవమన్నాను. ఈసారి కాళ్ళు చూడటం మానేసి ఛాతీ చూశాను. కదలడం లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకే ఊపిరి.

"నిన్న ఏం కూర?" అని అడిగాను, ఆయన నడుస్తుండగానే.

జవాబు లేదు. కుర్చీ దాకా వచ్చి, కూర్చుని, గాలి వదిలి, అప్పుడన్నాడు. "చిక్కుడుకాయ."

"మల్లొక్కసారి. గిప్పుడు నడుసుకుంటనే చెప్పు, ఎట్ల వండిందో."

"చిక్కుడుకాయల... టమాటలేసి..." మూడో అడుగుకు ఆయన ఒళ్ళంతా ఎడమకు ఒరిగిపోయింది. చెయ్యి గాలిలో గోడ కోసం వెతికింది. నేను పట్టుకున్నాను.

వాకిట్లో ఫోను పట్టుకుని నిలబడ్డ సహస్ర అది చూసింది. ఫోనులో అవతలివాళ్ళు హలో హలో అంటూనే ఉన్నారు.

"నీకు కుంటుడు నేర్పే పని లేదన్నా. ఊపిరి తీసుకునుడు నేర్పాలె" అన్నాను.

అనడం తేలికైంది. ఆ తర్వాతి మూడు వారాలు నేను చేసినంత కష్టమైన పని ఏ ఆటగాడితోనూ చేయలేదు. విరిగిన కాలికి ఒక పద్ధతి ఉంటుంది, వారం వారం లెక్క ఉంటుంది. ముప్పై ఏళ్ళ అలవాటుకు ఏ లెక్కా లేదు. గదిలో నేనొక్కణ్ణే ఉంటే ఊపిరి తీసుకుని నడిచేవాడు. నొప్పి ఎలా ఉంటే అలా ఒరిగేవాడు. తలుపు దగ్గర నీడ పడితే చాలు, నడుము నిలువుగా అయ్యేది.

మెడ గుంజించుకోవడానికి ఎల్లన్న వచ్చేవాడు. ఒకప్పటి మా కాలనీ టీము గోల్‌కీపరు. రిటైరయ్యాడు. ట్రాక్షన్ మిషనుకు గదవ కట్టించుకుని, పళ్ళ సందునుంచే మాట్లాడేవాడు.

"ఏం రాజం, కుంటుడుకు గూడ కోచింగ్ దీసుకుంటున్నవా?" అని రాజన్నను ఆటపట్టించాడు.

"నువ్వు గోల్‌ల నిలవడ్డనాడు బాల్ వట్టుడుకు కోచింగ్ వెట్టేదుండె. అప్పుడు వెట్టకనే గిట్లయినం."

"నా సేతుల్లకు రాకముందు నీ కాళ్ళ సందులకెల్లే వస్తుండె గద బాల్."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నడిచాడు కాబట్టి రాజన్న ఊపిరి తీసుకున్నాడు. ఎడమకు ఒరిగాడు. ఎల్లన్న నవ్వు ఆపలేదు. కాని కళ్ళు పైకి, సీలింగు ఫ్యాను వైపు తిప్పుకున్నాడు. మెడ కట్టేసి ఉన్నా అంతవరకు తిప్పగలిగాడు.

పన్నెండో రోజు నుంచి రాజన్న రావడం మానేశాడు. రెండు రోజులు చూసి క్వార్టరుకు వెళ్ళాను. సహస్ర బడి నుంచి ఇంకా రాలేదు. రాజన్న ముందుగదిలో కూర్చున్నాడు. ఆయన భార్య పూలమ్మ వదిన నేల మీద చాట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నాతోని కాదు శాంతీ" అన్నాడు. "నీ గదిల అయితది. అక్కడ డాక్టర్ల ముంగట కాదు."

"ఇంట్ల నడువు. వదిన ముంగట నడువు. అలవాటైతది."

"ఈమె ముంగటనా? పెండ్లయి ముప్పై రెండేండ్లు. ఒక్కనాడు ఈమె ముంగట కుంటలే నేను. బాయిల నుంచి వచ్చినా, దవాఖాన నుంచి వచ్చినా."

పూలమ్మ వదిన తల ఎత్తలేదు. "పొద్దుగాల నాలుగింటికి లేస్తవ్. గోడ వట్టుకొని పెరట్లకు పోతవ్. మంచం కాడి నుంచి పెరటి తలుపు దాక పదకొండు అడుగులు. నడిమిట్ల రెండుమాట్ల నిలవడుతవ్. గప్పుడు నేను కండ్లు మూసుకొనే ఉంట. నువ్వు వచ్చి పండుకున్నంక లేస్త."

చాటలో బియ్యం చప్పుడు ఆగింది. రాజన్న ఆమెనే చూస్తున్నాడు.

"ఎప్పటి సంది?"

"సహస్ర పదోతరగతి పరీచ్చలు రాసినప్పటి సంది."

"ఒక్కనాడన్న లెవ్వకపోతివి."

"లేస్తే నువ్వు సక్కగ నడుస్తవ్ గద. ఇంక నొస్తది" అంది ఆమె, ఒక రాయి ఏరి పక్కకు విసిరి.

నాకు అక్కడ కూర్చోవడం కష్టమైంది. హన్నా ఆఖరి నెలల్లో సాయంత్రం ఎనిమిదికే, "నిద్రొస్తోంది, నువ్వు వెళ్ళి టీవీ చూసుకో" అనేది. నేను వెళ్ళేవాణ్ణి. టీవీ పెట్టి శబ్దం కొంచెం పెంచేవాణ్ణి, ఆమె మూలిగితే నాకు వినపడలేదని ఆమె అనుకోవడానికి. వినపడుతోందని ఆమెకు తెలుసు. మేమిద్దరం వైద్యం చదివినవాళ్ళమే.

రాజన్న కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచాడు. ఊపిరి తీసుకున్నాడు. ముందుగది నుంచి వంటింటి గడప దాకా నడిచాడు. ఎలా నొస్తే అలా, ఎడమకు ఒరుగుతూ నడిచాడు. పూలమ్మ వదిన ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆయన తిరిగి వచ్చాక చాట పక్కన పెట్టి, "చాయ తాగుతవా శాంతీ?" అని నన్ను అడిగింది.

ఫిబ్రవరి పదకొండున తెల్లవారకముందే బస్సెక్కాం, రాజన్న, సహస్ర, నేను. బోర్డు కూర్చునే చోట వరండా నిండా మనుషులు. నడుము బెల్టులు, చేతికర్రలు, ప్లాస్టిక్ కవర్లలో ఎక్స్‌రేలు. కొందరికి తలుపు తెరుచుకున్నప్పుడు కుంటు ఎక్కువయ్యేది, మూసుకోగానే తగ్గేది. వాళ్ళను చూసి నవ్వాలనిపించలేదు. ప్రతి ఒక్కరి పక్కనా ఒక కొడుకో కూతురో ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

రాజన్న పేరు పిలిచారు. తలుపు ఓరగా ఉండిపోయింది. బల్ల వెనుక నలుగురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళద్దాల మీదుగా చూసి, గోడ దాకా నడిచి రమ్మన్నాడు. రాజన్న నడిచాడు. ఊపిరి తీసుకుని, ఒరుగుతూ నడిచాడు.

పెద్దాయన ఫైలు తిరగేశాడు. "పోయినసారి నడక బాగుందని రాసి ఉంది. నెల కాలేదు. ఇంతలో ఇలా అయిందా?"

రాజన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిజం చెప్పవయ్యా. ఎవరు నేర్పించారు నీకు?"

రాజన్నకు అబద్ధం చెప్పడం రాదు. మైదానంలో ఒంటితో చెప్పేవాడు గాని నోటితో ఎన్నడూ చెప్పలేదు. "బయట ఉన్నడు సార్. శాంతిరాజ్ అని" అన్నాడు.

సహస్ర నుదురు గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. "అయిపాయె" అంది, తనలో తాను.

నన్ను లోపలికి పిలిచారు.

"నువ్వేనా నేర్పింది?"

"అవును సార్."

"ఏం నేర్పావు?"

"నడిచేటప్పుడు ఊపిరి తీసుకోవడం."

ఒకాయన నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. నేను ఫిజియోథెరపిస్టునని, ఒకప్పుడు బంతి ఆడానని, ఈయన మా కెప్టెనని చెప్పాను. ఊపిరి బిగబట్టి కుంటు దాచడం నాకు నేర్పిందే ఈయనని చెప్పాను. ఆ మాటలు చెప్పేకొద్దీ నాకే నమ్మబుద్ధి కాలేదు. నెల కిందట బాగా నడిచినవాడు ఇప్పుడు కుంటుతుంటే, నేర్పినవాడు ఎదురుగా నిలబడి ఒప్పుకుంటుంటే, ఎవరైనా ఏమనుకోవాలి? ఇక నా దగ్గర ఒక్కటే మిగిలింది.

"ఒక్కసారి పోయినసారి నడిచినట్టే నడవమనండి సార్. నడుస్తూ మా పాత టీములో పదకొండు మంది పేర్లు చెప్పమనండి. అంతే."

పెద్దాయన గోడ గడియారం చూశాడు. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. "కానివ్వు" అన్నాడు.

రాజన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన నిటారుగా నిలబడి, గదవ ఎత్తి, నడిచాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి నడక కాదు. నల్లమట్టి మీద మా ముందు నడిచిన కెప్టెన్ నడక. గోడ దాకా చేరాడు. ఒక్క పేరూ రాలేదు.

"పేర్లేవి?" అన్నాడు పెద్దాయన.

రాజన్న గోడ దగ్గర వెనక్కి తిరిగాడు. నోరు తెరిచాడు.

"ఎల్లన్న. గోల్‌కీపర్." మొదటి అడుగు. "ఆగయ్య." భుజం దిగింది. "జైపాల్." నడుము ఎడమకు వంగింది. చెయ్యి గోడ మీదికి పోయింది. అక్కడ ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. కెప్టెన్ను పేర్లు అడిగారు, చెప్పాలి. ఒక్కో పేరుకు ఒక్కో అడుగు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆరో పేరుకు కుర్చీ చెయ్యి దొరికింది. దాన్ని పట్టుకుని వంగి నిలబడ్డాడు. గదిలో ఆయన గసపెట్టడం తప్ప ఏమీ వినపడలేదు.

నవ్విన డాక్టరే మెల్లగా అడిగాడు. "మిగతా ఐదుగురు?"

"నొస్తుంది సార్" అన్నాడు రాజన్న. "కూసొని చెప్త."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. లేచి వచ్చి తానే ఆ కుర్చీ సరిగ్గా జరిపాడు. ఎక్స్‌రే అడిగి తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాడు. బయట కూర్చోమన్నాడు. మిగతా ఐదుగురి పేర్లు రాజన్న తిరుగు బస్సులో మాకు చెప్పాడు. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు లేరు.

పద్నాలుగు రోజులకు కాగితం వచ్చింది. అన్‌ఫిట్.

ఆ సాయంత్రం వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. దారి పొడుగునా కాలనీవాళ్ళు రాజన్నను ఆపి, "అన్‌ఫిట్ అయినవట గదనే, మంచిగైంది" అని చెయ్యి కలుపుతున్నారు. ఆయన ప్రతిసారీ నవ్వబోయి ఆగిపోయేవాడు. ముప్పై ఆరేళ్ళ పని ఒక్క మాటతో అయిపోయింది. సంతోషపడాలని ఆయనకు తెలుసు. ఇంకా చేతకావడం లేదు, అంతే.

పూలమ్మ వదిన బగారన్నం, కోడికూర వండింది. సహస్ర నాకు రెండోసారి వడ్డించింది.

"నీకు ఏ పని ఇస్తరోనమ్మా. ఎక్కడేసినా నడుము జాగ్రత్త. కాలు నొస్తే నా దగ్గరికి రా, దాచకు" అన్నాను.

"నొస్తే నొస్తుందని సర్దారు మొకం మీదనే చెప్త కాకా. నాకు బాపు లెక్క సిగ్గు లేదు."

"గదొక్కటి మీ అవ్వ పోలిక" అన్నాడు రాజన్న.

"నా పోలికనే. నేనైతే కండ్లు మూసుకొని చెప్త" అంది పూలమ్మ వదిన. అందరికంటే ఎక్కువ రాజన్నే నవ్వాడు.

ఎనిమిదిన్నర దాటింది. సెలవు తీసుకుని లేచాను. చాలాసేపు నేల మీద కూర్చోవడంతో మోకాలు పట్టేసింది. గడప దాకా నడిచాను, మామూలుగా.

"శాంతీ" అని వెనకనుంచి పిలిచాడు రాజన్న. "ఊపిరి తీసుకో."

నేను ఆగాను. నిజంగానే బిగబట్టి ఉన్నాను. ఎప్పుడు బిగబట్టానో నాకే తెలియలేదు. గాలి వదిలి, మళ్ళీ తీసుకున్నాను. వాకిట్లో మూడు మెట్లున్నాయి. గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగాను. కాలు ఎలా పోతానంటే అలా పోనిచ్చాను. గేటు దాకా అలాగే కుంటుతూ వెళ్ళాను. చల్లగా ఉంది. వీధి చివర రాత్రి షిఫ్టుకు పోయేవాళ్ళ బండ్లు ఒకటీ అరా కదులుతున్నాయి.

గేటు గొళ్ళెం పెడుతూ వెనక్కి చూశాను. రాజన్న లోపల మంచం వైపు నడుస్తున్నాడు, దీపం వెలుగులోనే, ఒక చెయ్యి గోడ మీద వేసి. పూలమ్మ వదిన ఆయన్ను చూస్తూ గడపలో నిలబడి ఉంది. ఆయన మంచం చేరేదాకా చూసింది. నేను గొళ్ళెం పెట్టి కదిలేదాకా ఆగింది. ఆ తర్వాత తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.